వినపడకుండానే 14 సీజన్లు: విలియం హోయ్ ఆట

(స్క్రీన్ మీద: నలుపు తెలుపు ఫోటో. పాతకాలపు యూనిఫాంలో ఒక పొట్టి మనిషి.)

1886. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఓష్‌కోష్ ఊరు. బేస్‌బాల్ మ్యాచ్. బ్యాట్ పట్టుకుని నిలబడ్డవాడి పేరు విలియం హోయ్. పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) బంతి విసిరాడు, హోయ్ కొట్టకుండా వదిలేశాడు. అది స్ట్రైకా (కొట్టదగ్గ బంతి), బాలా (కొట్టే పరిధి దాటిపోయిన బంతి)? అంపైర్ నోటితో అరిచి చెప్పాడు. హోయ్‌కి వినపడదు. అందుకే వెనక్కి తిరిగి అంపైర్ పెదాల వంక చూశాడు. పిచ్చర్లు కనిపెట్టిన కిటుకు ఏంటంటే, సరిగ్గా అప్పుడే ఇంకో బంతి విసిరేయడం!

ఆ ఏడాది హోయ్ బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్స్ వాటా) .219. మరుసటి ఏడాది, అదే జట్టులో, .367. ఈ మధ్యలో ఏం మారిందో చూద్దాం.

(స్క్రీన్ మీద: ఒహాయో మ్యాప్.)

హోయ్ 1862లో ఒహాయోలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. మూడేళ్ళ వయసులో మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. కొలంబస్‌లోని బధిరుల స్కూల్లో చదివి, తన బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చాడు. తర్వాత బూట్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఖాళీ దొరికితే ఊళ్ళో బేస్‌బాల్. ఆ ఆటే అతన్ని ఓష్‌కోష్ ప్రొఫెషనల్ జట్టు దాకా తీసుకెళ్ళింది.

ఇక ఆ కిటుకుకి విరుగుడు. 1887లో థర్డ్ బేస్ (రన్నర్లు వరసగా చేరాల్సిన నాలుగు చోట్లలో మూడోది) దగ్గర నిలబడే కోచ్ వేళ్ళతో లెక్క చూపించడం మొదలుపెట్టాడు. ఎన్ని బాల్స్, ఎన్ని స్ట్రైక్స్ అన్నది హోయ్‌కి ఎదురుగానే కనిపించేది. తల వెనక్కి తిప్పే పని లేదు. అంతే, పిచ్చర్ల ఆట కట్టు.

(స్క్రీన్ మీద: ఇప్పటి అంపైర్ చెయ్యి లేపుతున్న దృశ్యం. దాని మీద ప్రశ్నార్థకం.)

ఇక్కడొక మాట. "అంపైర్లు చేతి సైగలు వాడటానికి కారణం హోయే" అని చాలామంది చెప్తారు. వినడానికి బాగుంటుంది కానీ, నేను నమ్మను. సైగ చేసింది కోచ్, అంపైర్ కాదు. అంపైర్ సైగల ఘనతని హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాల్ని గౌరవించే మ్యూజియం) ఫలకం అంపైర్ బిల్ క్లెమ్‌కి ఇస్తుంది. ఆయన నేషనల్ లీగ్‌లోకి వచ్చిందే 1905లో, అప్పటికి హోయ్ రిటైరైపోయాడు. మరోపక్క, హోయ్ చదివిన స్కూల్లోనే చదువుకున్న ఎడ్ డండన్ అనే బధిర పిచ్చర్ 1886లోనే ఒక మ్యాచ్‌కి అంపైరింగ్ చేస్తూ సైగలు వాడాడు. తానే మొదలుపెట్టానని హోయ్ చెప్పుకున్నదీ లేదు. అయినా ఆ కిరీటం లేకపోతే అతనికి వచ్చే నష్టమేంటి? ఆట చూడండి.

(స్క్రీన్ మీద: బేస్‌బాల్ మైదానం బొమ్మ. సెంటర్ ఫీల్డ్ వెలుగుతుంది.)

1888లో వాషింగ్టన్ జట్టుతో మేజర్ లీగ్‌లో, అంటే బేస్‌బాల్ అత్యున్నత స్థాయిలో, అడుగుపెట్టాడు. మొదటి ఏడాదే 82 స్టీల్స్, నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. స్టీల్ అంటే పిచ్చర్ ఏమరుపాటు చూసి ముందు బేస్‌కి పరుగెత్తడం. ఆ రోజుల్లో స్టీల్స్ లెక్క కాస్త ఉదారంగానే ఉండేది, ఇప్పటి అంకెలతో నేరుగా పోల్చకండి. కానీ అదే లెక్కలో మిగతావాళ్ళూ ఉన్నారుగా, వాళ్ళందరినీ దాటాడు.

ఫీల్డింగ్‌లో అతనిది సెంటర్ ఫీల్డ్. క్రికెట్‌లో బౌండరీ దగ్గర ఇద్దరు ఫీల్డర్లు ఒకే క్యాచ్‌కి పరుగెత్తుతూ "నాది, నాది" అని అరుచుకుంటారు కదా, ఇక్కడా అదే గొడవ. పక్కవాడి అరుపు హోయ్‌కి వినపడదు. అందుకని పద్ధతి తిరగేశారు. బంతి తనదనుకుంటే హోయ్ గొంతుతో ఒక కీచు శబ్దం చేస్తాడు. అది వినపడితే మిగతావాళ్ళు తప్పుకోవాలి. వినపడకపోతే బంతి వాళ్ళది. లూయిస్‌విల్‌లో అతనితో కలిసి ఆడిన టామీ లీచ్ ఏళ్ళ తర్వాత కూడా దీన్ని గుర్తుచేసుకున్నాడు.

1889 జూన్ 19న అయితే ఒకే మ్యాచ్‌లో ముగ్గురు రన్నర్లని హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చివరి బేస్) దగ్గర అవుట్ చేశాడు. అంత దూరం నుంచి, నేరుగా క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) చేతికి! ఆ క్యాచర్ ఎవరో కాదు, తర్వాత 50 ఏళ్ళు ఫిలడెల్ఫియా జట్టుకి మేనేజర్‌గా ఉన్న కాన్నీ మాక్.

బఫలో, సెయింట్ లూయిస్, సిన్సినాటి, లూయిస్‌విల్... జట్లు మారుతూనే ఉన్నాడు. 1901లో షికాగో వైట్ సాక్స్ అమెరికన్ లీగ్ గెలిచినప్పుడు అతనికి 39 ఏళ్ళు. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువ వాక్స్ (నాలుగు బాల్స్ పడితే ఫస్ట్ బేస్ ఊరికే దొరకడం) తెచ్చుకున్నది అతనే. ఏ బంతిని వదలాలో అంత బాగా తెలిసిన కళ్ళు అవి.

(స్క్రీన్ మీద: 1902 మే 16, సిన్సినాటి.)

నాకు బాగా నచ్చే రోజు ఇది. న్యూయార్క్ జెయింట్స్ పిచ్చర్ లూథర్ టేలర్ కూడా బధిరుడే. మేజర్ లీగ్‌లో పిచ్చర్, బ్యాటర్ ఇద్దరూ వినపడనివాళ్ళే అయి ఎదురుపడటం అదే మొదటిసారి. హోయ్ సైగ భాషలో టేలర్‌ని పలకరించాడు. ఆ తర్వాత అతని బౌలింగ్‌లో, అదే, పిచింగ్‌లో రెండు హిట్స్ కొట్టాడు. మర్యాద మర్యాదే, ఆట ఆటే.

మొత్తం 14 మేజర్ లీగ్ సీజన్లలో 2,000 దాటిన హిట్స్, దాదాపు 600 స్టీల్స్. 1903లో లాస్ ఏంజెలెస్‌లో ఆఖరి సీజన్ ఆడి, ఒహాయోకి వెళ్ళి పాడి పశువులు పెంచుకున్నాడు. 1961 అక్టోబర్‌లో సిన్సినాటిలో జరిగిన వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) మ్యాచ్‌కి లాంఛనంగా మొదటి బంతి విసిరింది ఆయనే, 99 ఏళ్ళ వయసులో. అదే డిసెంబర్‌లో చనిపోయారు.

రికార్డు పుస్తకాల్లో "డమ్మీ హోయ్" అని కనిపిస్తే కంగారు పడకండి. అప్పట్లో బధిర ఆటగాళ్ళందరికీ తగిలించిన పేరది. ఆయన కూడా ఆ పేరునే వాడుకున్నారు.

కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం ఆయనకి ఇంకా చోటు రాలేదు. అంకెల్లో ఆయనకన్నా గొప్పవాళ్ళు ఉన్నారన్నది నిజమే, కాబట్టి అది పూర్తిగా అన్యాయమని నేను అనను. కానీ ఆయన తరఫున వాదించేవాళ్ళు అంపైర్ సైగల కథని పక్కనపెట్టి, 1889 నాటి ఆ మూడు త్రోల నుంచి మొదలుపెడితే వాదన బలంగా ఉంటుంది. మీరు ఓటేస్తారా, వేయరా? కామెంట్‌లో రాయండి.