సిడ్ చిప్ గురించి (అనుకున్నాం): కమొడోర్ 64 ముచ్చట్లు

బావ: ఇవాళ సిడ్ చిప్, అంటే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64లో శబ్దాలు పలికించే చిప్. దాని పాత రకం 6581కీ, కొత్త రకం 8580కీ తేడా. కానియ్.

బామ్మర్ది: దానికంటే ముందు ఒకాయన అడిగాడు బావా. స్విచ్ వేస్తే స్క్రీన్ నల్లగానే ఉందట, పీఎల్‌ఏ అనే చిప్ మార్చెయ్యనా అని.

బావ: పవర్ అడాప్టర్‌కి మీటర్ పెట్టాడా?

బామ్మర్ది: (నవ్వు) వచ్చేసింది నీ మీటర్ మాట!

బావ: నవ్వు. ఇటుకలా ఉండే ఆ పాత అడాప్టర్‌లో, వోల్టేజీని 5 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్ చుట్టూ ఎపాక్సీ జిగురు పోసేశారు, వేడి బయటికి పోయే దారే లేదు. అది పాడైతే 5 వోల్టులు ఆగిపోవు, పైకి ఎగబాకుతాయి. ముందు బలయ్యేవి ర్యామ్ చిప్పులు.

బామ్మర్ది: సరిగ్గా 5 చూపించింది అంటాడు.

బావ: లోడు లేకుండా, చల్లగా ఉన్నప్పుడు చూపిస్తుంది మరి. ఏడు పిన్నుల ప్లగ్గులో 5వది ప్లస్, 2వది గ్రౌండ్. మధ్యలో 5 ఓమ్, 10 వాట్ రెసిస్టర్ కడితే ఒక ఆంపియర్ లాగుతుంది. అరగంట ఉంచాలి. రెసిస్టర్ ముట్టుకుంటే చుర్రుమంటుంది, జాగ్రత్త. అప్పుడు 5.2 దాటిందా, ఆ ఇటుక చెత్తబుట్టకే. 6, 7 పిన్నుల మధ్య 9 వోల్టుల ఏసీ, మీటర్‌ని ఏసీకి తిప్పి చూడాలి.

బామ్మర్ది: ఇటుక బాగానే ఉందనుకో. ఇక పీఎల్‌ఏనేగా? 27సీ512 ఈప్రామ్ (మనమే డేటా రాసుకునే మెమరీ చిప్) రాసి, అడాప్టర్ బోర్డు మీద గుచ్చెయ్యడమే. 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు, లెక్క సరిపోయింది.

బావ: లెక్క సరిపోతే సరిపోయిందా? ఈ అడ్రస్‌కి ర్యామ్ పలకాలా, రోమ్ పలకాలా, ఐ/ఓ (బయటి పరికరాలతో మాట్లాడే చిప్పులు) పలకాలా అని తేల్చేది పీఎల్‌ఏ. ఈప్రామ్‌కి ఇన్‌పుట్ మారిన ప్రతిసారీ అవుట్‌పుట్ కుదురుకునేలోపు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ ముల్లంత పల్స్‌ని ర్యామ్ తనని పలకమనే నిజమైన క్యాస్ సంకేతం అనుకుందంటే?

బామ్మర్ది: నీలం స్క్రీన్ వస్తుందిగా! బేసిక్ భాష నడుస్తుందిగా!

బావ: నడుస్తుంది. వెనక గుచ్చే ఆటల కార్ట్రిడ్జ్ పెట్టి చెప్పు.

బామ్మర్ది: ...అన్నింటితోనూ పేచీ రాదు.

బావ: దేనితో వస్తుందో నీకు తెలుసా? అదే నా గొడవ.

బామ్మర్ది: సరే సరే, అరవకు. సిడ్.

బావ: ఆఁ. బాబ్ యానిస్ చేసింది, 1982. 6581కి 28వ పిన్ను మీద 12 వోల్టులు, 8580కి 9. తారుమారు చేసి 8580ని 12 మీద పెడితే చచ్చిందే. ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ మార్చాలి: 6581కి 470 పికోఫారడ్, 8580కి 22 నానో.

బామ్మర్ది: అబ్బ, వాల్యూమ్ రిజిస్టర్‌ని గబగబా మార్చి మాటలు పలికించేవారు చూడు, 6581లో అవి గట్టిగా వినిపించేది డీసీ ఆఫ్‌సెట్ (అవుట్‌పుట్‌లో ఎప్పుడూ ఉండిపోయే వోల్టేజీ) వల్లే. 8580లో దాన్ని బాగా తగ్గించారు, మాటలు గుసగుసలైపోయాయి. నాకైతే పాతదే ఇష్టం.

బావ: నాకూ. 8580కి ఇచ్చే ఆ 9 వోల్టులు కూడా ముందు మీటర్ పెట్టి...

బామ్మర్ది: బావా!

బావ: ఇంతకీ ఏ కార్ట్రిడ్జ్‌తో పెట్టి చూశారట, ఆ ఈప్రామ్ పెట్టేవాళ్ళు?

బామ్మర్ది: మళ్ళీనా? ఆపేస్తున్నా, ఉండు...