డెబ్బై ఏళ్ల ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్తే

శ్రోతలకు నమస్కారం.

ఒక తాతగారు, మనవడు ఒకే కిటికీ పక్కన కూర్చున్నారనుకుందాం. బయటి నుంచి వచ్చే వాహనాల పొగ ఇద్దరూ పీల్చారు. మనవడు సాయంత్రానికి మామూలుగానే ఉన్నాడు. తాతగారికి మాత్రం రెండు రోజులు ఆయాసం తగ్గలేదు. "వయసు మీద పడింది కదా" అని ఊరుకుంటాం. వయసు మీద పడటమంటే లోపల ఏం జరిగినట్టు?

పీఎం 2.5 అనే మాట వార్తల్లో వింటూనే ఉంటారు. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన రేణువులవి. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో, ముప్పయ్యో వంతో ఉంటాయి. ముక్కు వాటిని ఆపలేదు. నేరుగా ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లిపోతాయి. మధ్యలో శ్వాసనాళాల గోడల మీది సన్నని నూగు కొంత దుమ్మును జిగురుతో సహా పైకి నెడుతుంది. అడుగున మాక్రోఫేజ్‌లనే కణాలు చిక్కినదాన్ని మింగేస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ నూగు నెమ్మదిస్తుంది, ఈ కణాల ఆకలీ మందగిస్తుంది. దుమ్ము లోపలే ఎక్కువసేపు ఉండిపోతుంది.

ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. నన్ను ఆశ్చర్యపరిచింది కణం లోపలి సంగతి.

పొగ రేణువులకు అంటుకున్న లోహాలు, రసాయనాలు కణంలో ఫ్రీ రాడికల్స్‌ను, అంటే తగిలిన దాన్నల్లా దెబ్బతీసే చురుకైన అణువులను, పుట్టిస్తాయి. వాటిని అణచడానికి ప్రతి కణంలోనూ ఒక ఏర్పాటుంది. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మామూలు రోజుల్లో కీప్1 అనే మరో ప్రోటీన్ పట్టుకుని కూర్చుంటుంది. ప్రమాదం రాగానే ఆ పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి రక్షణ జన్యువులను పనిలోకి దించుతుంది. గ్లూటాథయోన్ లాంటి విరుగుళ్ల తయారీ ఊపందుకుంటుంది.

అమెరికాలో, లాస్ ఏంజెలెస్ రహదారి పక్కన సేకరించిన అతి సూక్ష్మ ధూళిని ఎలుకలకు పది వారాల పాటు పీల్పించి చూశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. మూడు నెలల ఎలుకల్లో రక్షణ ఎంజైములు చకచకా పెరిగాయి. పద్దెనిమిది నెలల ఎలుకల్లో పెరగలేదు. ఎలుకకు అది ముసలితనం కూడా కాదు, నడివయసే. ఇంకో విచిత్రం ఏమిటంటే, వాటిలో ఆ ఎంజైములు పొగ తగలకముందే ఎక్కువ స్థాయిలో ఉన్నాయి. రక్షణ లేక కాదు, ఉన్నదంతా అప్పటికే రోజువారీ పనికి ఖర్చవుతోంది. అవసరానికి పెంచుదామంటే పెరగదు.

దీనికి తోడు ఒంట్లో సన్నగా రగులుతూ ఉండే ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకు ఒళ్లు చూపే వాపు లాంటి స్పందన, ఒకటి. క్లాడియో ఫ్రాన్సెస్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. విభజన ఆగిపోయినా చావకుండా మిగిలే ముసలి కణాలు దాన్ని ఎగదోస్తుంటాయి. రిటైరయ్యాక కూడా ఆఫీసుకొచ్చి గొడవ చేసేవాళ్లలాంటివి, ఏమీ అనుకోకండి. పొగ తగిలితే ఆ రగులుడు ఇంకా పెరిగి, రక్తంలో కలిసి గుండె దాకా పోతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మేసిన పొగమంచులో ఎక్కువగా పోయింది వృద్ధులు, పసిపిల్లలు. ఊపిరితిత్తుల జబ్బులతోనే కాదు, గుండె జబ్బులతోనూ పోయారు.

మరి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. నాకు వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. ఇక్కడ చిక్కు సరుకు కొరత కాదు, కబురు అందినా కణం కదలకపోవడం. అంతకంటే పొగ తక్కువున్న వేళ చూసుకుని నడకకు వెళ్లడం, తప్పనప్పుడు ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు పెట్టుకోవడం మేలు.

ఇంకొక్క మాట. వయసుతో పాటు దగ్గు వచ్చే స్వభావం కూడా మొద్దుబారుతుంది. గాలి బాగాలేని రోజు మనవడు ముందు దగ్గుతాడు, తాతగారు "నాకేం కాలేదే" అంటారు. ఆ రోజు ఆయన గొంతును కాదు, గాలి నాణ్యత సూచీని అడగండి.

నమస్కారం.