రూ.50,000 దాటితే నగదు పట్టుకోవచ్చా?

వ్యాఖ్యాత: ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చిన రోజు నుంచి చెక్‌పోస్టుల దగ్గర రూ.50,000 అన్న అంకె వినిపిస్తుంది. అంతకు మించి దగ్గర ఉంటే పోలీసులు తీసేసుకుంటారని జనం భయపడుతున్నారు. ఈ పరిమితి ఏ చట్టంలో ఉందండీ?

న్యాయవాది: ఏ చట్టంలోనూ లేదండి. ఎన్నికల సంఘం నిఘా బృందాలకు ఇచ్చిన మార్గదర్శకాలలో ఉంది. అక్కడ కూడా అది అభ్యర్థి, ఏజెంటు, పార్టీ కార్యకర్త ప్రయాణిస్తున్న వాహనానికో, ప్రచార సామగ్రి లేదా ఓటర్లకు పంచే సరుకు ఉన్న వాహనానికో వర్తించే పరిమితి. వాహనంలో రూ.10 లక్షలకు పైగా దొరికినా, నేరమన్న అనుమానం గాని పార్టీలతో సంబంధం గాని లేనప్పుడు, డబ్బు స్వాధీనం చేసుకోకుండా ఆదాయపు పన్ను శాఖకు సమాచారం ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రెండో మాట చెక్‌పోస్టు దాకా చేరడం లేదన్నదే నా ఆవేదన.

వ్యాఖ్యాత: మరి పోలీసులకు అసలు అధికారం ఎక్కడి నుంచి వస్తుంది?

న్యాయవాది: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 106వ సెక్షన్ నుంచి. అంతకుముందు ఇదే పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 102వ సెక్షన్. దొంగసొత్తు అన్న అనుమానమో, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితులో ఉండాలి. నోట్ల కట్ట పెద్దదిగా ఉండటం ఒక్కటే చాలదు. స్వాధీనం చేసుకున్న సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలి. ఇప్పుడు 105వ సెక్షన్ ప్రకారం సోదానూ, స్వాధీనాన్నీ, జాబితా రాయడాన్నీ వీడియో తీయడం కూడా తప్పనిసరి.

గత లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒక రైతు నా దగ్గరకు వచ్చారు. ఖమ్మంలో మిర్చి అమ్ముకొని బండి మీద ఇంటికి వెళుతుంటే రూ.1,86,000 పట్టుకున్నారు. చొక్కా లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన చీటీ ఉంది. బస్తాల లెక్క, తూకం, ధర, కమీషన్ కోత అన్నీ అందులో రాసి ఉన్నాయి. దాన్ని విప్పి చూసినవారు లేరు. ఆయన చేతికిచ్చిన కాగితంలో ఏ నోట్లు ఎన్ని అన్నదీ లేదు.

వ్యాఖ్యాత: కస్టమ్స్ అధికారుల సంగతి వేరుగా ఉంటుందా?

విశ్రాంత కస్టమ్స్ అధికారి: వేరేనండి. కస్టమ్స్ చట్టంలో సరుకు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే కరెన్సీ కూడా ఉంది. గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగేవారు విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, ట్రావెలర్స్ చెక్కులతో కలిపి 10,000 డాలర్లు దాటినా డిక్లరేషన్ ఇవ్వాలి. ఇస్తే ఎంతైనా తెచ్చుకోవచ్చు, దాచితేనే చిక్కు. ఒంటిమీద సోదా చేస్తామన్నప్పుడు దగ్గర్లోని గెజిటెడ్ కస్టమ్స్ అధికారి వద్దకో మేజిస్ట్రేటు వద్దకో తీసుకెళ్లమని అడిగే హక్కు కస్టమ్స్ చట్టంలోని 102వ సెక్షన్ ఇస్తుంది. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. పట్టుకున్నాక 6 నెలల్లో, గడువు పొడిగిస్తే మరో 6 నెలల్లో నోటీసు ఇవ్వకపోతే సొమ్ము వాపసు చేయాల్సిందే.

వ్యాఖ్యాత: ఆ రైతు డబ్బు ఏమైంది?

న్యాయవాది: ఎఫ్‌ఐఆర్ లేని కేసులను ముగ్గురు అధికారుల జిల్లా కమిటీ తనంతట తానే పరిశీలించాలి, ఎఫ్‌ఐఆర్ గాని ఫిర్యాదు గాని లేని సొమ్మును పోలింగు ముగిసిన 7 రోజులకు మించి ట్రెజరీలో ఉంచకూడదు. మేము ఆ కమిటీకి దరఖాస్తు పెట్టాం. 19 రోజులకు మొత్తం తిరిగి వచ్చింది. చూపించిన ఆధారం ఆ తక్‌పట్టీ ఒక్కటే, మొదటి రోజు ఆయన జేబులో ఉన్నదే.