హై-రెస్ పాటలు: కొనేముందు చూసుకోవాల్సినవి

అందరికీ నమస్కారం. మహతి ఆడిటోరియంలో కచేరీ విని, అదే కీర్తన ఇంట్లోనూ మంచి సిస్టంలో వినాలనుకునేవాళ్లు తిరుపతిలో తక్కువేం కాదు. కొనబోతే ఒకే ఆల్బమ్ 16/44.1, 24/96, 24/192, డీఎస్‌డీ అంటూ రకరకాల ధరల్లో కనిపిస్తుంది. మొదటి అంకె బిట్లు, రెండోది కిలోహెర్ట్జ్‌లో శాంపిల్ రేటు; డీఎస్‌డీ వేరే రికార్డింగు పద్ధతి. సీడీ స్థాయిని (16/44.1) మించినవే హై-రెస్. అంకె పెరిగితే పాట బాగుంటుందా? చాలాసార్లు తేడా వినపడదు.

1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీస్తుంది. దాంతో 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని పూర్తిగా పడుతుంది. మన చెవి హద్దు 20. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. శాంపిళ్లను మెట్లలా బొమ్మ గీసి చూపిస్తారు గానీ, డాక్ (ఆ అంకెలను మళ్లీ తరంగంగా మార్చే పరికరం) బయటికి పంపేది నున్నటి తరంగమే. గమకం ఎక్కడా తెగదు. ఇక 16 బిట్లకు అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య 96 డెసిబెళ్ల వ్యాప్తి. మే నెలలో మన ఊళ్లో ఫ్యాను ఆపి పాట వినేదెవరు? ఆ చప్పుడు 40 అనుకుంటే, దానిమీద 96 కలిపితే 136. చెవులు పోతాయి! 24 బిట్లు రికార్డింగు చేసేవాళ్లకు నిజంగా అవసరం, లెవల్ కాస్త తగ్గించి పెట్టుకున్నా నష్టం ఉండదు కాబట్టి.

నిమిషం స్టీరియో పాటకు సీడీ స్థాయిలో 10.6 మెగాబైట్లు, 24/96కు 34.6, డీఎస్‌డీ64కు 42. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా పెడితే మొదటి రెండూ దాదాపు సగానికి దిగుతాయి, ఒక్క బిట్ కూడా పోదు. కుదించని వేవ్ ఫైలుకన్నా ఫ్లాకే మేలు; రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు ఫైల్లోనే రాసుకోవచ్చు.

దొంగ హై-రెస్ బోలెడు. ఫైలును స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి; ఎన్ని కిలోహెర్ట్జ్ దాకా ధ్వని ఉందో బొమ్మగా చూపిస్తుంది. 24/96 అన్న ఫైల్లో 22 దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా నల్లగా ఉంటే, సీడీనే సాగదీసి అమ్ముతున్నారని అనుమానించాలి. 16 దగ్గరే ఆగితే మూలం ఎంపీ3 కావచ్చు. పాత టేపుల విషయంలో జాగ్రత్త: పైన కనిపించేది సంగీతమే కానక్కర్లేదు, టేపు బుస కూడా కావచ్చు.

ఫైలు అసలుదైనా దారిలో పాడవుతుంది. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎల్‌డాక్ పద్ధతికి సెకనుకు గరిష్ఠంగా 990 కిలోబిట్లు; సీడీకే 1,411 కావాలి. విండోస్ మామూలుగా అన్నిటినీ ఒకే శాంపిల్ రేటుకు మార్చేస్తుంది. ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (ఆ మార్పిడిని తప్పించే సెట్టింగు) పెట్టుకోండి.

తేడా ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. 24/96 ఫైలును సాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి రొద) వేసి, 16/44.1కు దించి, మళ్లీ 24/96కు ఎక్కించండి. ఎక్కించకపోతే రేటు మారినప్పుడు డాక్ టిక్కుమని గుట్టు చెప్పేస్తుంది. రెండిటి వాల్యూమ్ సమంగా ఉండాలి. ఒకటి అర డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష (పేరు చూపకుండా వినిపించింది రెండిటిలో ఏదో చెప్పడం) 16 సార్లు చేయండి. గుడ్డిగా చెప్పినా 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోయే అవకాశం 4 శాతంలోపే. మీకు 12 వస్తే 24/96 కొనుక్కోండి. రాకపోతే ఆ డబ్బు స్పీకర్లకు పెట్టండి.