ఫోన్ అని కొడితే ‘జపదలా’ అని పడింది: షార్ట్‌కట్ దొంగను పట్టే టూల్ రివ్యూ

నమస్తే అన్నా, నమస్తే అక్కా, కడప నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు రివ్యూ హాట్‌కీ డిటెక్టివ్‌ది, మన షార్ట్‌కట్‌ను ఏ ప్రోగ్రామ్ లాక్కుందో చెప్పే చిన్న ఫ్రీ టూల్, కానీ ముందు ఈ ఫ్లెక్స్ చూడండి. రథసప్తమికి, దేవుని కడప తేరు కోసం చేయించుకున్నారు. కింద నంబర్ బాగానే ఉంది, దాని ముందు ఏముందో చదవండి.

జపదలా.

కస్టమర్ వచ్చి “ఏందన్నా ఇది, మంత్రమా?” అన్నాడు. ఫొటోషాప్‌లో మధ్యలోంచి గుండ్రంగా వలయం గీయాలంటే ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని లాగాలి కదా, విండోస్‌లో భాష మార్చే షార్ట్‌కట్ కూడా అదే. స్వామి ఫొటో చుట్టూ వలయం గీసి వేళ్లు తీశానో లేదో, కీబోర్డ్ ఇంగ్లిష్ నుంచి తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి, అంటే విండోస్‌లో ఉండే తెలుగు కీబోర్డ్‌కి మారిపోయింది. అది చూసుకోకుండా ఇంగ్లిష్‌లో ఫోన్ అని కొట్టా. అందులో పి కొడితే జ, హెచ్ కొడితే ప, ఓ కొడితే ద. మిగతాది మీకే తెలుసు. పండగ రద్దీలో చూసుకోకుండా ప్రింట్‌కి పంపేశా, డబ్బులు నావే పోయాయి.

దీనికి ఏ టూలూ అక్కర్లేదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్. చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి నాట్ అసైన్డ్ పెట్టేయండి. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ ఎలాగూ ఉన్నాయి.

అసలు తలనొప్పి రెండోది. ఫొటోషాప్‌లో సేవ్ యాజ్ కోసం కంట్రోల్ షిఫ్ట్ ఎస్ కొడితే, సేవ్ బాక్స్ రాకుండా స్క్రీన్ మసకబారి ప్లస్ గుర్తు వస్తోంది. అది కూడా ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు! విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఒక షార్ట్‌కట్‌ను సిస్టమ్ మొత్తానికి నాదేనని రిజిస్టర్ చేసుకోవచ్చు, అప్పుడు ఆ కీలు ముందు దానికే వెళ్తాయి, ఫొటోషాప్ దాకా రావు. అదే షార్ట్‌కట్ ఇంకో ప్రోగ్రామ్ అడిగితే విండోస్ ఇవ్వదు, బస్సులో ముందు కర్చీఫ్ వేసినోడిదే సీటు అన్నట్టు. ఆ ప్రోగ్రామ్ నడవని రోజు మాత్రం మన షార్ట్‌కట్ మనకే.

ఇదిగో, డిటెక్టివ్ ఓపెన్ చేశా, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి. కంట్రోల్ షిఫ్ట్ ఎస్ నొక్కుతున్నా... చూశారా, ఆ ప్రోగ్రామ్ ఫైల్ ఎక్కడుందో దారితో సహా పడింది. నేనే ఎప్పుడో వేసి మర్చిపోయిన ఒక ఫ్రీ స్క్రీన్‌షాట్ సాఫ్ట్‌వేర్. పేరు చెప్పను, తప్పు సగం నాది.

చూడ్డానికి మాత్రం పాతకాలం ఎక్సెల్ షీట్‌లా ఉంటుంది, అందం ఆశించొద్దు. ఇంకోటి, రిజిస్టర్ చేసుకోకుండా కీబోర్డ్ మీదే నేరుగా నిఘా పెట్టే ప్రోగ్రామ్‌లు కొన్ని ఉంటాయి, వాటిని పట్టడం దీనివల్ల కాదు. అప్పుడు టాస్క్‌బార్ మూలలో ఉన్నవి ఒక్కొక్కటే ఆపి చూసుకోవాల్సిందే.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ ఉంది కదా అంటారు. అందులోని కీబోర్డ్ మేనేజర్‌తో షార్ట్‌కట్‌లు మార్చుకోవచ్చు, అదీ ఫ్రీనే, కానీ అది ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండాలి. ఎవరు లాక్కున్నారో తెలియకుండా కొత్త కీలు పెట్టుకుంటూ పోతే ఇంకో గొడవ తగులుకుంటుంది. నేనైతే ముందు డిటెక్టివ్‌తో పేరు కనుక్కుని, ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోనే షార్ట్‌కట్ తీసేశా.

సేవ్ యాజ్ తిరిగొచ్చింది. ఇప్పుడు షాపులో కుర్రోడు స్క్రీన్‌షాట్ రావట్లేదని పొద్దున్నుంచీ నా మీద గొణుగుతున్నాడు.