పాడే గొంతా, పలికే వంతా? విశాఖ స్టూడియోలో ఒక చర్చ

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. పాల్గొన్నవారు: జానపద కళలు బోధించే ఒక అధ్యాపకురాలు, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక డప్పు కళాకారుడు, గాజువాకకు చెందిన ఒక ర్యాప్ గాయని.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఉపోద్ఘాతం లేకుండా అడిగేస్తాను. పాట వల్ల ఎప్పుడైనా ప్రభుత్వం మారిందా?

అధ్యాపకురాలు: మారిందో లేదో తరువాత చూద్దాం. భయపడిన మాట మాత్రం నిజం. గరిమెళ్ళ సత్యనారాయణగారిది మనకు దగ్గరే, నరసన్నపేట పక్కన గోనెపాడు. సహాయ నిరాకరణ రోజుల్లో 'మాకొద్దీ తెల్లదొరతనము' అని పాడినందుకు జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్ళీ పాడారు, మళ్ళీ పెట్టారు. ఆ పాటలో బాంబుల ఊసు లేదు. పంటలు పండుతున్నా పట్టెడన్నం దొరకడం లేదని, ఉప్పు ముట్టుకుంటే నేరమైపోయిందని ఉంటుంది. గాంధీగారు ఉప్పు కోసం దండికి నడిచింది 1930లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ ఉప్పు మన శ్రీకాకుళం మనిషి పాటలో ఉంది.

వ్యాఖ్యాత: అంటే పాట ముందు, నాయకుడు వెనక అంటారా?

అధ్యాపకురాలు: అంత దూరం వెళ్ళను. ఉప్పు పన్ను బాధ జనానికి ఉన్నదే. దాన్ని అందరూ ఒకేసారి అనగలిగేలా చేసింది పాట.

కళాకారుడు: నేను చెప్పదలచుకున్నది అదే మేడమ్ గారూ. అందరూ ఒకేసారి అనడం! సర్కారుకు పాడేవాడంటే భయం ఉండదు. ఒక్కడే కదా, పట్టుకెళ్ళి లోపల వేస్తారు. వంత పలికే వాళ్ళంటేనే భయం. వెయ్యి మందిని ఎక్కడని వేస్తారు? బుర్రకథ చూడండి. తంబూరా పట్టుకుని కథ చెప్పేది ఒక్కరు. పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఏ కాలానిదైనా సరే, ఆ రాజకీయం చెప్పే వంత మధ్యలో దూరి ఇవాళ్టి ధరల గురించి, ఇవాళ్టి అధికారి గురించి నాలుగు మాటలు అనాల్సిందే.

అధ్యాపకురాలు: వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి పట్టుకున్నది సరిగ్గా ఆ కిటుకునే. 1943లో బొంబాయిలో ఇప్టా, అంటే దేశమంతటి ప్రజా నాటక సంఘం, పుట్టింది. ఆ ఊపులోనే ఇక్కడ నాజర్ గారి లాంటివాళ్ళు బుర్రకథను ఊరూరా తిప్పారు. పల్నాటి యుద్ధం చెబుతారు, బొబ్బిలి యుద్ధం చెబుతారు, విన్నవాడు మాత్రం తన ఊరి జమీందారు గురించి ఆలోచిస్తూ ఇంటికి వెళతాడు. అదే నాజర్ గారికి 1986లో ఢిల్లీ పద్మశ్రీ ఇచ్చింది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

గాయని: ఒక్క మాట. ఇదంతా మైదానంలో జనం కూర్చునే రోజుల లెక్క. ఇప్పుడు జనం ఫోనులో ఉన్నారు. నేను రాత్రి ఒక పాట పెడితే తెల్లారేసరికి దుబాయిలో ఉన్న మా ఊరివాళ్ళు కూడా వినేస్తారు. బుర్రకథ దళానికి అది సాధ్యమా?

కళాకారుడు: వింటారమ్మా. పలుకుతారా?

గాయని: కింద రాస్తారు కదా తాతగారూ!

కళాకారుడు: రాసినవాడికి పక్కవాడి గొంతు వినపడదు. నలుగురు తోడున్నారన్న ధైర్యం చెవిలోంచి రావాలి. కంటితో చదివితే వచ్చేది కాదు.

అధ్యాపకురాలు: ఇక్కడ నేను అమ్మాయి వైపు. పాల్ రాబ్సన్ సంగతి చెబుతాను. నల్లజాతి గాయకుడు, గొప్ప కంఠం, వామపక్షం మనిషి. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాగేసుకుంది. ఇంట్లో కూర్చున్నాడా? 1952లో కెనడా సరిహద్దుకు వెళ్ళి, ఇవతల లారీ మీద నిలబడి అవతలి జనానికి పాడాడు. 1957లో సముద్రం అడుగున వేసిన టెలిఫోను తీగ మీదుగా లండన్ సభకు, ఆ తరువాత వేల్స్ గని కార్మికులకు పాడాడు. అప్పటికి ఆ తీగ సరికొత్త సాంకేతికత. మీ ఫోనుకు ముత్తాత అనుకోండి.

కళాకారుడు: మరి అటునుంచి?

అధ్యాపకురాలు: (నవ్వుతూ) అటునుంచి గని కార్మికుల బృందం తిరిగి పాడింది.

కళాకారుడు: చూశారా! వంత ఉంది!

వ్యాఖ్యాత: సరే, ఈ పాయింటు తాతగారికే రాసుకుందాం. మన ప్రాంతం దగ్గరికి వస్తే...

కళాకారుడు: మన ప్రాంతం అంటే ముందు సుబ్బారావు పాణిగ్రాహి. శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడు గుడిలో పూజారి. ఆయన పట్టుకున్న ఆయుధం జముకుల కథ. జముకు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. డొల్ల పాత్రకు ఒక పక్క తోలు బిగించి, దాని మధ్యలోంచి తంతి లాగి మీటుతారు. ఊళ్ళో దేవత కథ చెప్పుకునే వాద్యం. దాని మీద ఆయన గిరిజనుల భూమి కథ చెప్పాడు. 1969 డిసెంబరులో చంపేశారు. ఆ తరువాత వంగపండు ప్రసాదరావు. పుట్టింది పార్వతీపురం దగ్గర, పనిచేసింది మా షిప్‌యార్డులో, ఫిట్టరుగా. విప్లవ పాటల దళం జననాట్యమండలిని 1972లో మొదలుపెట్టిన వాళ్ళలో ఆయనా గద్దరూ ఉన్నారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అంటే విననివాళ్ళు లేరు. ఆ పల్లవి ఒక ప్రశ్న, గమనించారా? ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఎవరూ ఉండలేరు. అందుకే అది ఆగలేదు.

అధ్యాపకురాలు: 1970 ఫిబ్రవరి కూడా ఇక్కడే కదా బాబాయిగారూ. శ్రీశ్రీగారి షష్టిపూర్తి సభలు ఈ ఊళ్ళో జరుగుతుంటే విద్యార్థులు కరపత్రం పంచారు, రచయితలారా మీరెటువైపు అని. ఆ జులైలోనే విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, ఏర్పడింది. అదీ ప్రశ్నే.

వ్యాఖ్యాత: శ్రీకాకుళం నుంచి ఒక ప్రేక్షకుడు లైనులో ఉన్నారు. చెప్పండి సార్.

ఫోనులో ప్రేక్షకుడు: నమస్కారమండీ. ఓట్లు వద్దని పాడినవాళ్ళే చివరికి ఓటేశారు. జైలుకెళ్ళినవాళ్ళ పక్కన కూర్చుని పాడినవాళ్ళు ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు అయ్యారు. ఇక మేము ఎవరి పాట నమ్మాలి?

వ్యాఖ్యాత: గద్దర్ గారి గురించేనా?

ఫోనులో ప్రేక్షకుడు: పేరు మీరే అన్నారు. (నవ్వు)

కళాకారుడు: అడగాల్సిన ప్రశ్నే. దశాబ్దాలు ఎన్నికలు వద్దన్నాడు, 2018లో మొదటిసారి ఓటు వేశాడు. నాకు నచ్చలేదు. కానీ 1997లో తన మీద కాల్పులు జరిగాక ఒక తూటాను ఒంట్లోనే పెట్టుకుని పాతికేళ్ళు గంతులేసి పాడినవాణ్ణి నేను తూకం వేయలేను. 2023లో పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో పంపారు. ఇప్పుడు తెలంగాణలో సినిమా అవార్డులకు ఆయన పేరే. గోచీ, గొంగళి, చేతికర్ర మనిషి పేరు సినిమావాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది, చూస్తున్నాం కదా.

అధ్యాపకురాలు: నాజర్ గారి పద్మశ్రీకి మళ్ళీ వస్తానన్నది ఇందుకే. బ్రిటిషువాడు పాటను జైల్లో పెట్టాడు. మనవాళ్ళు నేర్చుకున్నారు, సన్మానం చేస్తారు. శాలువా కప్పితే గొంతు కొంచెం తగ్గుతుంది.

గాయని: నాకు ఇందులో తప్పు కనిపించడం లేదు మేడమ్. గరిమెళ్ళగారు మద్రాసులో పేదరికంలో పోయారని మీరే చెబుతారు. గాయకుడు ఆకలితో చస్తేనే నిజాయితీపరుడా? శాసనసభకు వెళ్ళకూడదా? అస్సాం గాయకుడు భూపేన్ హజారికా వెళ్ళలేదా?

అధ్యాపకురాలు: వెళ్ళారు. 1967లో అస్సాం శాసనసభకు గెలిచారు. అమెరికాలో చదువుకునే రోజుల్లో రాబ్సన్‌ను కలిసి, ఆయన మిసిసిపీ పాటను బ్రహ్మపుత్ర ఒడ్డుకు తెచ్చుకున్న మనిషి. నది పేరు మారింది, ఇంత జనం కష్టపడుతుంటే చూస్తూ ఎలా పారుతున్నావన్న నిలదీత మిగిలింది. అదే హజారికా 2004లో బీజేపీ తరఫున గువాహటిలో పోటీ చేస్తే జనం ఓడించారు. పాటకు వంత పలికారు, జెండాకు పలకలేదు. నువ్వు అడిగినదానికి నా జవాబు: వెళ్ళవచ్చు. కానీ జనం రెండింటినీ విడివిడిగా లెక్కేస్తారు.

వ్యాఖ్యాత: మన చేతిలో ఇప్పుడున్న సమస్య, ఉక్కు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో ఆ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చింది, ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో కార్మికుల నిరసన శిబిరం. పాట ఏం చేసింది అక్కడ?

కళాకారుడు: ఆ నినాదమే పాట. హక్కుకు ఉక్కు ప్రాస, నాలుగే మాటలు, ఒక్క ఊపిరి. డప్పు మీద వేస్తే దరువుకు చక్కగా పడుతుంది. 1966లో పుట్టనివాళ్ళు కూడా శిబిరంలో అదే అన్నారు.

గాయని: నేను అక్కడ పాడాను. ఎనభై పంక్తులు రాసుకుని వెళ్ళాను, పెట్టుబడి లెక్కలు, సొంత గనులు లేకపోవడం, అన్నీ. చప్పట్లు కొట్టారు.

కళాకారుడు: చప్పట్లు సరే. ఎవరైనా తిరిగి పాడారా?

గాయని: ...లేదు.

అధ్యాపకురాలు: ఆ ఎనభై పంక్తులు పారేయకమ్మా. లెక్కలు చెప్పేవాళ్ళు కూడా కావాలి. బడిలో మనం పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' ఉందే, దాని మూలం అమెరికాలో చర్చి పాట. 1945లో చార్ల్స్‌టన్‌లో పొగాకు కార్మికులు సమ్మె చేసినప్పుడు పాడుకున్నారు. నల్లవాళ్ళ హక్కుల ఉద్యమంలోకి వెళ్ళింది. మన దగ్గర స్కూలు వార్షికోత్సవం దాకా వచ్చింది. హెడ్మాస్టరుకు అది సమ్మె పాటని తెలిస్తే ఏమంటాడో!

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. తాతగారూ, ఒక చరణం వినిపిస్తారా?

కళాకారుడు: డప్పు తేలేదు. తెచ్చినా ఇక్కడ కాచడానికి నిప్పెక్కడ? అమ్మాయ్, నీ పాటకు పల్లవి మార్చుదాం. నాలుగు మాటలకు మించకూడదు. ఆదివారం శిబిరం దగ్గరికి రా, నేను దరువు వేస్తాను.

గాయని: ఫోనులో రికార్డు చేస్తాను, పరవాలేదా?

కళాకారుడు: చెయ్యి. పాడేవాళ్ళ నోళ్ళకు అడ్డం పెట్టకు, అంతే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. చిన్న విరామం తరువాత ఎనిమిది గంటల వార్తలు.