మెగావాట్ల లెక్క ర్యాక్ దగ్గర తేలాలి

సభకు నమస్కారం.

డేటా సెంటర్ల విద్యుత్తు గురించి ఎక్కడ చర్చ జరిగినా అది సబ్‌స్టేషన్లు, జనరేటర్లు, యూపీఎస్‌ల దగ్గరే ఆగిపోతుంది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ రీజియన్‌ను, అంటే ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చే డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి గిగావాట్ స్థాయి కేంద్రాన్ని ప్రకటించింది. ఆ వార్తల్లో మనం ఎక్కువగా విన్నది ఇన్ని మెగావాట్లని, ఇన్ని వేల కోట్లని. ఆ మెగావాట్లు చివరికి ఖర్చయ్యేది మాత్రం సర్వర్లనే కంప్యూటర్లను పేర్చిన, మనిషి కన్నా కాస్త ఎత్తుండే ఇనుప ర్యాకుల్లో. నేను ఈరోజు ఆ ర్యాక్ దాటి బయటికి వెళ్లను, ఎందుకంటే నిర్వహణలో జరిగే పొరపాట్లలో చాలా వాటిని అక్కడే పట్టుకోవచ్చు.

మొదట పేరుపలక సంగతి. పవర్ సప్లై మీద 800 వాట్లు అని ఉంటే అది ఆ సప్లై ఇవ్వగల గరిష్ఠ సామర్థ్యమే గాని సర్వర్ నిజంగా తీసుకునే విద్యుత్తు కాదు. 230 వోల్టుల సింగిల్ ఫేజు మీద 32 ఆంపియర్ల లైను ఇచ్చేది సుమారు 7.36 కిలోవాట్లు. పేరుపలకలు కూడితే పది సర్వర్లు కూడా దానిలో పట్టవు. మీటరు పెట్టి చూస్తే ఒక్కొక్కటి 350 వాట్ల దగ్గరే తిరుగుతూ, ర్యాకులో సగం సామర్థ్యం ఊరికే పడి ఉండవచ్చు. 2007లో గూగుల్ ఇంజనీర్లు ఫాన్, వెబర్, బరోసో ప్రచురించిన పరిశోధన ఈ తేడాను పెద్ద ఎత్తున కొలిచి చూపింది: వేల సర్వర్ల సమూహంలో కాగితం మీది గరిష్ఠానికీ, వాస్తవంగా అందుకున్న గరిష్ఠానికీ మధ్య 7 నుంచి 16 శాతం తేడా ఉంటే, మొత్తం డేటా సెంటర్ స్థాయిలో అది దాదాపు 40 శాతానికి చేరింది.

కొలిస్తే చోటు మిగులుతుందన్నది దీని సారాంశమే. అయితే ఎలా కొలవాలన్న దగ్గరే అసలు చిక్కు ఉంది, దాన్ని కాస్త వివరంగా చూద్దాం.

ఒకటి ఆగినా రెండోది భారం మోసేలా ఒక ర్యాకుకు ఎ, బి అని రెండు లైన్లు వస్తాయి. వెనక నిలువుగా బిగించిన రెండు పీడీయూలకు (సర్వర్లకు విద్యుత్తు పంచే సాకెట్ల వరుసలు) ప్రతి సర్వర్ నుంచి ఒక్కో తీగ వెళ్తుంది. ఎ మీటరు 24 ఆంపియర్లు, బి మీటరు 23 ఆంపియర్లు చూపిస్తున్నాయనుకోండి. రెండూ 32 ఆంపియర్ల లైన్లే కాబట్టి, ఎవరు చూసినా 75 శాతం దాటలేదు, ఫరవాలేదంటారు. ఇప్పుడు మరమ్మతు కోసం ఎ లైనును ఆపారు. మొత్తం 47 ఆంపియర్ల భారం బి మీద పడుతుంది. బ్రేకర్ వెంటనే పడిపోదు, సర్వర్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, పని చేస్తున్నవారు ఊపిరి పీల్చుకుంటారు. రేటింగుకు 1.45 రెట్లు దాటిన కరెంటు వస్తే మామూలు ఎంసీబీ, అంటే చిన్న సర్క్యూట్ బ్రేకర్, గంటలోపు పడిపోవాలన్నది ప్రమాణం. 47 ఆంపియర్లు ఆ హద్దును దాటేశాయి. కాబట్టి బ్రేకర్ లోపలి లోహపు పట్టీ వేడెక్కి, కొంతసేపటికి బి కూడా పడిపోతుంది, ర్యాక్ మొత్తం ఆరిపోతుంది. ఆ సమయానికి మరమ్మతుకూ దీనికీ సంబంధం ఉందని కూడా చాలామందికి తట్టదు. అందువల్ల హెచ్చరికను ఒక్కో పీడీయూకు విడివిడిగా కాక, ఎ, బి మొత్తం మీద పెట్టాలి. నా దృష్టిలో 32 ఆంపియర్ల లైన్లున్న ర్యాకుకు ఆ మొత్తం 25 ఆంపియర్లు దాటకూడదు. త్రీఫేజు పీడీయూ అయితే ఇదే లెక్క ఫేజు ఫేజుకూ వేయాలి, ఎందుకంటే మొత్తం భారం తక్కువగా కనిపిస్తున్నా తీగలన్నీ ఒకే వరుస సాకెట్లలో గుచ్చితే ఒక్క ఫేజే నిండిపోతుంది.

సాకెట్ వారీగా కొలిచే పీడీయూలు ఖరీదైనవే. ఖర్చు కుదరని చోట 2015 నుంచి ప్రామాణికంగా ఉన్న రెడ్‌ఫిష్ అనే సర్వర్ నిర్వహణ పద్ధతి ద్వారా సర్వర్ తన వినియోగాన్ని తానే చెప్పగలదు. ఏ పద్ధతిలోనైనా పదిహేను నిమిషాల సగటుతో తృప్తి పడకూడదు. బ్రేకర్‌ను పడేసేది సగటు కాదు, కొన్ని నిమిషాల పాటు నిలిచే శిఖరం.

కృత్రిమ మేధ లెక్కలు చేసే జీపీయూ చిప్‌ల రాకతో ఈ విషయం మరింత ముఖ్యమైంది. ఎన్‌విడియా సంస్థ హెచ్100 జీపీయూ ఒక్కటి గరిష్ఠంగా 700 వాట్లు తీసుకుంటుంది; అటువంటివి ఎనిమిది ఉన్న డీజీఎక్స్ అనే సర్వర్ యంత్రానికి 10.2 కిలోవాట్ల వరకు కావాలి. 2007 పరిశోధన చూసిన కాలంలో ఒక సర్వర్ బిజీగా ఉంటే మరొకటి ఖాళీగా ఉండేది, అందుకే మొత్తం శిఖరం తగ్గేది. ఒకే మోడల్‌కు శిక్షణ ఇస్తున్న జీపీయూలు అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. ఇక్కడ పాత తేడాను నమ్ముకుని ర్యాకులు నింపడం పెద్ద సాహసమే. యంత్రానికి వినియోగ పరిమితి విధించే సదుపాయాన్ని వాడండి. శిక్షణ కొంత ఆలస్యమవుతుంది గాని ర్యాక్ నిలబడుతుంది.

చివరగా ఎవరూ వాడని సర్వర్లు. ప్రాజెక్టు ముగిసినా ఆపడానికి ఎవరూ ముందుకు రాని యంత్రం ఖాళీగా 150 వాట్లు తీసుకుంటే ఏడాదికి 1,314 యూనిట్లవుతుంది, దాన్ని చల్లబరిచే విద్యుత్తు దీనికి అదనం. సాకెట్ మీటర్లలో నెలల తరబడి గీత కదలకుండా ఉన్న యంత్రాల జాబితాను ప్రతి త్రైమాసికంలో తీసి, ప్రతి వరుస పక్కన ఒక యజమాని పేరు, అతని సంతకం అడగండి. సంతకం రాని యంత్రాన్ని ముందు నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఒక నెల గడిచినా ఎవరూ అడగకపోతే తీగ తీసేయండి.